వెంపలి గింజ మొలవాలంటే

ప్రశ్న: వంశధార ఒడ్డున మాకు రెండెకరాల ఇసుక పాలు నేల ఉంది. ఏడాదికి ఒక్క వరే పండుతుంది. కోతలయ్యాక ఊరి పశువులను వదిలేస్తారు, పచ్చిరొట్టకు (పెంచి పచ్చగానే నేలలో కలియదున్నే ఎరువుకు) జీలుగ, జనుము వేస్తే మిగలవు. వెంపలిని పశువులు ముట్టవని విని నిరుడు గింజలు చల్లాం. ఎక్కడో ఒకటీ అరా తప్ప మొలవలేదు. విత్తనం పాడైపోయిందా?
– ఒక రైతు, కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: పాడై ఉండకపోవచ్చు. వెంపలి గింజ పైపొర మైనం పూసినట్టుంటుంది, నీటిని లోపలికి పోనివ్వదు. నేలలో ఎంత పదునున్నా గింజ ఉబ్బదు. పొరను కదిలించకుండా చల్లడమే లోపం.

నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించండి. గింజలను పల్చటి గుడ్డలో వదులుగా మూటగట్టి 2–3 నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేయండి. ఎక్కువసేపు ఉంచితే లోపలి మొలక ఉడికిపోతుంది. నీళ్లు చాలకపోతే వేడి దిగిపోయి పొర మెత్తబడదు, కాబట్టి పెద్ద గిన్నె పెట్టుకోండి. వేడినీళ్ల మీద ధైర్యం లేకపోతే గరుకు ఇసుక కలిపి రోట్లో మెల్లగా నూరండి. గింజ మెరుపు పోతే చాలు, పగలకూడదు. ఏ పద్ధతైనా ముందు 100 గింజలతో చేసి, తడి గోనెలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్క చూసుకోండి. ఈ పరీక్ష మానొద్దు.

ఎకరాకు 6–8 కిలోలు కావాలి. శుద్ధి చేసిన గింజలను నీడలో ఆరబెట్టి ఆ రోజే చల్లేయండి. వరి కోతకు వారం ముందు, నీరు తీసేసి మడి పదునుగా ఉన్నప్పుడు చల్లితే బాగా కుదురుకుంటుంది. నీరు నిలిచే పల్లపు మడికి వెంపలి వద్దు. మీ తేలిక నేలకు సరిపోతుంది. మొదట్లో ఎదుగుదల చాలా నెమ్మది, కంగారుపడి దున్నేయకండి.

నిరుడు చల్లినవి కూడా పూర్తిగా పోయినట్టు కాదు. వేసవి జల్లులకు కొన్ని వాటంతటవే లేస్తాయి. ఆకు కొస పట్టుకు లాగితే బాణం మొనలా తెగితే అది వెంపలే. పూలు ఊదా కలిసిన గులాబీ రంగులో ఉంటాయి.

పచ్చిరొట్ట ఎకరాకు 12–16 క్వింటాళ్లు రావచ్చు. జీలుగంత రాదు, కానీ మీ ఊళ్లో జీలుగ దమ్ము (నాట్లకు ముందు నీరు పెట్టి దున్నడం) దాకా నిలవదు కదా. పూతకు రాగానే, కాండం ముదరకముందే కలియదున్నండి. ముదిరితే చివకడానికి చాలా రోజులు పడుతుంది. ఉభాలకు (వరి నాట్లకు) కనీసం 15 రోజుల ముందే దున్ని నీరు పెట్టండి. వరికి వేయాల్సిన సూపర్ ఫాస్ఫేట్ అప్పుడే చల్లితే మంచిది.

ఒక హెచ్చరిక. వెంపలి ఆకుల్లో, గింజల్లో చేపలను మత్తెక్కించే టెఫ్రోసిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ దమ్ము నీరు చేపల చెరువులోకి పోకుండా గట్టు కట్టండి.

గట్టు వెంట ఒక వరస దున్నకుండా విత్తనానికి వదలండి. కాయలు గోధుమ రంగుకు తిరగ్గానే పొద్దున్నే కోయాలి, ఎండెక్కితే పగిలి గింజ రాలిపోతుంది.