కల్లు మానితే అమ్మకు ఫిట్స్ ఎందుకొచ్చాయి?

ప్రశ్న: మాది కామారెడ్డి దగ్గర పల్లె. నేను పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. అమ్మకు 56 ఏళ్లు, నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. బీడీలు చేస్తుంది. సాయంత్రం కాగానే కల్లు బట్టీకి పోయి రెండు మూడు సీసాలు తాగి వస్తుంది, ఎవరితో గొడవ పడదు, పడుకుంటుంది. పోయిన నెల మా పాప పుట్టినరోజుకు వచ్చింది, వారం ఉంచుకుందామనుకున్నాను. రెండో రాత్రి నిద్ర లేదు, చేతులు వణుకు, ఒళ్లంతా చెమటలు. మూడో రోజు చనిపోయిన నాన్న ఎదురుగా కూర్చున్నట్టు మాట్లాడింది. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. మా ఆయన బండి మీద పోయి ఎక్కడి నుంచో కల్లు తెస్తే, తాగిన గంటకు మామూలు మనిషయింది. ఇప్పుడు ఊరికి పోయింది, మళ్లీ అదే అలవాటు. గాలి సోకిందని మా అత్తమ్మ అంటుంది. దుబాయ్‌లో ఉన్న తమ్ముడేమో ‘ఇంట్లో పెట్టి తాళం వేయి, మూడు రోజులు అరిచినా పట్టించుకోకు, అదే దిగుతుంది’ అంటున్నాడు. అమ్మకు పిచ్చి పట్టిందా? కల్లుకే ఇంత అవుతుందా?

జవాబు: ముందు తాళం సంగతి. వేయకండి. మీ తమ్ముడు చెడు ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు, గట్టిగా ఆపితే ఏ అలవాటైనా దిగుతుందని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు, సిగరెట్టు, చాయ్ లాంటి వాటికి అది పనిచేస్తుంది కూడా. మీ అమ్మ విషయంలో మాత్రం ఆ మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్లీ ఉన్నట్టుండి ఆపితే ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా వచ్చే ప్రమాదం ఉంటుంది.

మీ అమ్మకు పిచ్చి పట్టలేదు, గాలీ సోకలేదు. వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, లేని మనుషులు కనిపించడం, ఫిట్స్, ఇదంతా మత్తు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఒంట్లో జరిగేదే. మీరు రాసిన వరుస కూడా అలాగే ఉంది. గాలి సోకితే కల్లు సీసాతో గంటలో ఎందుకు దిగుతుంది చెప్పండి!

కల్లుకే ఇంత అవుతుందా అన్నారు. చెట్టు నుంచి దించిన కల్లే అయితే అందులో ఉండేది ఇంచుమించు బీరుపాటి ఆల్కహాలు. అదీ ఏళ్ల తరబడి రోజూ తాగితే అలవాటవుతుంది, మానితే వణుకూ వస్తుంది. కానీ రెండు మూడు సీసాల అసలు కల్లు మానేసినందుకే మూడో రోజుకు ఇంత కావడం తక్కువ. మీ వైపు ఎన్ని ఈత చెట్లున్నాయో, ఊరూరా రోజూ ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయో ఒక్కసారి లెక్క వేసుకోండి, చెట్లు అంత కల్లు ఇస్తాయా? ఆ తేడా నీళ్లతో, శాకరిన్‌తో, మత్తు మందులతో పూడుతుంది. అల్ప్రాజోలం, ఊళ్లో డైజోఫాం అని పిలిచే డయజిపాం, క్లోరల్ హైడ్రేట్, ఇవీ కలిపేవి. మొదటి రెండూ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మాత్రల్లో ఉండేవి, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి. మీ అమ్మ తాగిన సీసాలో ఏముందో నేను చూడలేదు, కానీ ఆమె ఒళ్లు చెప్తున్నదాన్ని బట్టి నా అనుమానం కల్లు మీద కాదు, అందులోని మాత్ర మీదే. ‘కల్లే గదనే బిడ్డా, మందు కాదు గదా’ అని ఆమె మీతో అనే ఉంటుంది. పాపం, ఆమెకు తెలియకుండానే రోజూ మత్తు మాత్ర మింగుతోంది.

తాడు లాగుడు ఆట చూశారు కదా. మత్తు రోజూ ఒక వైపు లాగుతుంటే, పడిపోకుండా ఉండటానికి మెదడు రెండో వైపు కొద్దికొద్దిగా బలం పెంచుకుంటూ పోతుంది. అందుకే మొదట్లో ఒక్క సీసాతో వచ్చిన నిద్రకు ఇప్పుడు మూడు కావాలి. అవతలి వాళ్లు ఒక్కసారిగా తాడు వదిలేస్తే ఇవతలి వాళ్లు ఏమవుతారు? వెల్లకిలా పడతారు. మీ ఇంట్లో మూడో రాత్రి జరిగింది అదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు, మందు అన్నీ ఒకేసారి మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి లక్షణాలతోనే జనం వరుస కట్టారు. అంతకుముందు 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ఆసుపత్రిలోనూ ఇదే పరిస్థితి. వాళ్లందరికీ ఒకేసారి గాలి సోకలేదు కదా.

అలాగని ‘సరే, తాగనీ, గొడవైతే చేయట్లేదు కదా’ అని వదిలేయొద్దు. గొడవ చేయని తాగుడు ఇంట్లో వాళ్లకు కనిపించదు, ఒంట్లో మాత్రం దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఈ మధ్య అమ్మ చెప్పిందే చెప్పడం, పొయ్యి మీద పెట్టింది మర్చిపోవడం, రాత్రి లేచి తూలడం గమనించారా? ఈ మాత్రలు జ్ఞాపకాన్ని తింటాయి, కాళ్ల పట్టు తీసేస్తాయి, ఆ వయసులో జారిపడితే తుంటి ఎముక విరిగి మంచాన పడాల్సి వస్తుంది. ఆల్కహాలు, మత్తు మాత్ర కలిస్తే ఇంకో ప్రమాదం, రెండూ ఊపిరిని నెమ్మదింపజేసేవే, నిద్రలోనే శ్వాస ఆగిపోవచ్చు. పైగా ఏ సీసాలో ఎంత కలిపారో కలిపినవాడికే సరిగ్గా తెలియదు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు, వాళ్లూ అంతకుముందు రోజులాగే తాగుదామని వెళ్లినవాళ్లే. సరిగ్గా తినకుండా తాగి పడుకునే వాళ్లకు బి1 విటమిన్ కూడా తగ్గిపోతుంది, అది మెదడుకు వేరే దెబ్బ.

ఇప్పుడు చేయాల్సింది. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి వచ్చే పండక్కి, సెలవులకు అని వాయిదా వేయకండి, ఈ వారమే తీసుకెళ్లండి. వెళ్లేదాకా ఆమెను బలవంతంగా ఆపొద్దు, మెడికల్ షాపులో మాత్రలు కొని మీరే ఇవ్వొద్దు. ఈలోపు కల్లు దొరకక వణుకు మొదలైనా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచాలు, చేతిలో తాళం చెవులు పెట్టకండి (మన దగ్గర ఈ అలవాటు పోదు!).

డాక్టర్‌కు ఏదీ దాచకండి. ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు, చివరగా ఎప్పుడు తాగింది, ఫిట్స్ ఏ రోజు వచ్చాయి, అన్నీ చెప్పండి. కల్లు అని చెప్పడానికి సిగ్గుపడి నిద్ర పట్టట్లేదని మాత్రమే చెప్పి నిద్ర మాత్రలు తెచ్చుకున్న కుటుంబాలు ఉన్నాయి, అది ఉన్న మత్తు మీద ఇంకో మత్తు. కాలేయం, షుగరు, రక్త పరీక్షలు చూస్తారు, బి1 ఇస్తారు, అవసరమైతే కొన్నాళ్లు చేర్చుకుంటారు. తర్వాత లెక్క ప్రకారం మందు ఇచ్చి, దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తాడును వదిలేయకుండా మెల్లగా సడలించడమన్నమాట. ‘తాగుడు మాన్పించడానికి మళ్లీ మాత్రలా’ అని మీ అత్తమ్మ అడగొచ్చు. కల్లులో ఎంత పడిందో ఎవరికీ తెలియని మాత్రకూ, డాక్టర్ లెక్కేసి ఇచ్చి తగ్గించే మాత్రకూ చాలా తేడా ఉంది. వెళ్లడానికి కుదరకపోయినా, ఇంకేదైనా అడగాలనిపించినా 14446కి ఫోన్ చేయొచ్చు, మత్తు అలవాట్ల కోసమే ఉన్న ఉచిత నంబరు. మీ భయం గురించి మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అంతా అయిపోయిందనుకుంటారు, అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. నిద్ర అంత త్వరగా తిరిగి రాదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చిన్న చప్పుడుకు ఉలికిపడుతుంది, చిరాకు, ఏడుపు. ఇంకో సంగతి, తొమ్మిదేళ్లుగా ఆ మత్తు కింద ఏముందో అది పైకి వస్తుంది. భర్త పోయాడు, కొడుకు దుబాయ్‌లో, కూతురు పట్నంలో, పొద్దంతా వంగి బీడీలు చుట్టి నడుము గుంజుతుంటే చీకటి పడేసరికి ఇంట్లో ఒక్కతే. ఆమెకు డిప్రెషన్ ఉందేమో కూడా డాక్టర్‌ను చూడమని అడగండి. ఆ బట్టీ దగ్గర తోటి ఆడవాళ్లు నలుగురు కూర్చుంటారు, ఆమె నవ్వేది బహుశా అక్కడే. కల్లు మాన్పిస్తున్నప్పుడు ఆ నలుగురిని కూడా లాగేసుకుంటున్నామని గుర్తుంచుకోండి. అక్కడికి పోవద్దు అంటే సరిపోదు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఎక్కడికి పోవాలో, ఎవరితో కూర్చోవాలో కూడా చూడాలి. కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి, కుదరకపోతే పక్కింటి పెద్దమ్మనో, ఆమె తోటి బీడీ పని చేసేవాళ్లలో తాగని ఒకరినో అడగండి. మళ్లీ ఒకరోజు తాగి వస్తే తిట్టకండి, ఎంత తాగిందో కనుక్కుని డాక్టర్‌కు చెప్పండి.

ఇక సిగ్గు సంగతి. మన తెలంగాణలో ఆడవాళ్లు కల్లు తాగడం కొత్త కాదు, పండగకు, పెళ్లికి, చావుకు అందరి ఇళ్లలో ఉన్నదే, మీ అమ్మ చేసిన తప్పు అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. సిగ్గుపడాల్సినవాళ్లు సీసాలో మాత్ర కలిపినవాళ్లు. మీ ఆయన ఆ రాత్రి కల్లు తెచ్చినందుకు కూడా మీరు నొచ్చుకోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండాల్సింది నిజమే, కానీ ఆయన చేసింది భయంతో చేసిన సాయం. చిన్న మాట, కల్లు చలువ చేస్తుందని పిల్లల నోట్లో ఓ గుక్క పోసే అలవాటు మీ వైపు ఉంది, మీ పాపకు మాత్రం ఎవరినీ పోయనివ్వకండి.

మీ తమ్ముడికి ఈ జవాబు వాట్సాప్‌లో పంపండి. డబ్బులు కడతాను, ఏదైనా డీఅడిక్షన్ సెంటర్‌లో పడేద్దాం అంటే, అక్కడ సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, దానికి రిజిస్ట్రేషన్ ఉందా అని ముందు కనుక్కోమనండి. కట్టేయడం, గొలుసులు వేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒప్పుకోదు, అలాంటి చోటు అయితే ఎంత తక్కువ ఫీజైనా వద్దు. అతను అక్కడి నుంచి చేయగలిగింది ఒకటుంది. మన సాయంత్రం ఆరున్నరకు, అంటే అమ్మ బట్టీకి బయలుదేరే వేళకు, అక్కడ ఐదవుతుంది. ఆ టైముకు రోజూ వీడియో కాల్ చేయమనండి, తాగుడు ఊసెత్తకుండా, ఏం కూర వండావమ్మా అని అడగమనండి.