‘ఎవరికీ చెప్పకండి మేడమ్’ అని పిల్ల మాట తీసుకుంటే...

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేట్ స్కూల్లో కౌన్సెలర్‌ని. ఇంట్లోనే ఉంటున్న బాబాయి ఒంటి మీద చేతులు వేస్తున్నాడని తొమ్మిదో తరగతి అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది. ప్రిన్సిపాల్‌గారేమో ‘తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడదాం, పోలీసుల దాకా వెళ్తే స్కూలు పేరు పోతుంది’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: పోలీసులకు చెప్పి తీరాలమ్మా, అదీ ఈరోజే. పిల్లకు మాటిచ్చారని మీరు నలిగిపోతున్నారు, అర్థమవుతోంది. కానీ ఇలాంటి విషయం దాచడానికి చట్టం ఒప్పుకోదు.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందని అనిపించినా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీనికి ప్రిన్సిపాల్ అనుమతి అక్కర్లేదు. ఆయన చెవిన వేసినంత మాత్రాన మీ బాధ్యతా తీరదు. పైగా, విషయం తెలిసింది కాబట్టి ఇప్పుడు ఆయనకూ అదే సెక్షన్ వర్తిస్తుంది. ఈ సంగతి ఆయనకు మర్యాదగానే, గట్టిగా చెప్పండి. నిజానిజాలు తేల్చడం పోలీసుల పని. సదుద్దేశంతో సమాచారమిచ్చినందుకు మీ మీద ఏ కేసూ నిలవదు.

ముందు ఇంటికి కబురు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పరువు పేరు చెప్పి పిల్ల నోరు నొక్కేసి, బడి మాన్పించేస్తారేమోనని నా భయం. నిందితుడు అదే ఇంట్లో ఉంటున్నాడని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. పిల్లకు రక్షణ అవసరమనిపిస్తే పోలీసులు 24 గంటల్లోగా ఆ ఏర్పాటు చేయాలి, బాలల సంక్షేమ కమిటీకీ తెలపాలి. వాంగ్మూలం కోసం పిల్ల స్టేషన్‌కి వెళ్లనక్కర్లేదు. అమ్మమ్మగారిల్లు కావాలంటే అక్కడికే, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై వస్తారు.

ఫిర్యాదుకు ముందే అమ్మాయిని కూర్చోబెట్టి, ఎవరికి చెబుతున్నారో, ఎందుకో మీ నోటితోనే చెప్పండి. మూడో మనిషి ద్వారా తెలిస్తే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు.

ఇకపై ప్రతి పిల్లకూ మొదటి రోజే హద్దులు చెప్పేయండి. మార్కుల టెన్షన్, స్నేహితులతో గొడవలు, ఎవరి మీదో ఇష్టం లాంటివి గుట్టుగానే ఉంచొచ్చు. తల్లిదండ్రులు అడిగినా ప్రతి మాటా అప్పజెప్పనక్కర్లేదు. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలంటే మాత్రం ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పాలి.

మీ నోట్‌బుక్ సంగతి ఒకటుంది. క్లయింటు మాటలు బయటపెట్టకుండా వకీలుకు సాక్ష్యాల చట్టంలో ఉన్న రక్షణ స్కూలు కౌన్సెలర్‌కు లేదు. కోర్టు అడిగితే ఇవ్వాల్సిందే. అందుకే తేదీ వేసి, పిల్ల ఏమందో ఆమె మాటల్లోనే రాయండి. మీ ఊహలు అందులో రాయకండి.