పురిటింట్లో పిల్లుల పెట్టె

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా అమెరికా వెళ్తూ తన రెండు పిల్లులను మాకు అప్పగించాడు. మగదానికి నాలుగేళ్లు, ఆడదానికి తొమ్మిదేళ్లు. మేముండేది నాలుగో అంతస్తులో, రెండు పడకగదుల ఫ్లాటు. రోజూ రెండు పూటలా వంగి, అవి మలమూత్రాలు విసర్జించే మట్టి ట్రేలోంచి గడ్డలు ఎత్తడం నా మోకాళ్ల వల్ల కావడం లేదు. తనంతట తానే శుభ్రం చేసుకునే పెట్టెను అక్కడినుంచి పంపుతానని అబ్బాయి అంటున్నాడు. ఇంతలో మా అమ్మాయి తొలి కాన్పుకు ఏడో నెలలో మా ఇంటికి రానున్నది. పిల్లులున్న ఇంట్లో కడుపులో బిడ్డకు ప్రమాదమని, వాటిని ఎక్కడైనా వదిలేసి రమ్మని బంధువులు ఒకటే పోరు పెడుతున్నారు. ఈ యంత్రం వస్తే ఆ ప్రమాదం తప్పుతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, హైదరాబాదు

సమాధానం: పిల్లులను వదిలేయవలసిన అవసరం లేదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరమని కూడా మీ బంధువులకు చెప్పండి. ఇక యంత్రం మీ మోకాళ్లకు తప్పకుండా సాయం చేస్తుంది. అమ్మాయి విషయంలో మాత్రం దాని మీద భారం వేసి కూర్చోవడానికి లేదు. ఎందుకో ముందుగా చెబుతాను.

బంధువుల భయానికి మూలం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. గర్భిణికి మొదటిసారిగా అది సోకితే బిడ్డకు చేరి హాని చేయగలదన్నది నిజమే. అయితే పిల్లి సాధారణంగా జీవితంలో ఒక్కసారి, తనకు మొదట సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే దాన్ని మలంలో విసర్జిస్తుంది. అలా బయటపడినది కూడా వెంటనే అంటుకోదు. ఒకటి నుంచి ఐదు రోజులు బయట ఉన్న తరువాతే అంటుకునే స్థితికి వస్తుంది. గడప దాటకుండా, ఎలుకనో పిట్టనో పట్టకుండా, పచ్చిమాంసం తినకుండా ఇంట్లోనే పెరిగే పిల్లికి ఇది సోకే అవకాశమే తక్కువ. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, చేతొడుగులు లేకుండా చేసే తోటపని కూడా దీనికి దారులే. పిల్లిని వీధిలో వదిలి వచ్చి సగం ఉడికిన కబాబు తింటే ఏం లాభం?

ట్రేను ప్రతిరోజూ శుభ్రం చేయమని గర్భిణులున్న ఇళ్లకు చెప్పేది ఆ ఒకటి నుంచి ఐదు రోజుల లెక్కను బట్టే. యంత్రం పిల్లి దిగిన కొద్ది నిమిషాలకే పని ముగిస్తుంది కనుక ఇంకా మేలు కదా అని తోస్తుంది. కానీ అది మలాన్ని ఇంట్లోంచి బయటికి పంపడం లేదు, అడుగున ఉన్న అరలోకి మారుస్తోంది. ఆ అరను వారానికోసారి ఖాళీ చేస్తే చాలని అమ్మేవారు గొప్పగా చెబుతారు. అంటే ఐదారు రోజులు మగ్గిన సరుకు ఆ సంచిలో ఉంటుందన్న మాట. కాబట్టి అమ్మాయి ఉన్నన్నాళ్లు ఆ అరను రోజూ ఖాళీ చేయండి. ఆ పని మీరో, మీవారో చేతొడుగులు వేసుకుని చేసి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. అమ్మాయి మాత్రం అటు వెళ్లకూడదు. ఆమెకు ఇదివరకే ఇది సోకి ఉందేమో రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. అది అవసరమా కాదా అన్నది కాన్పు చూసే డాక్టరుగారు చెబుతారు.

ఇక యంత్రం సంగతి. పళ్లచట్రం వంటిది మట్టిని గీరి గడ్డలను ఒక మూలకు నెట్టే రకం పాతది. ఇప్పుడు ఎక్కువగా కొంటున్నది గుండ్రటి డ్రమ్ము రకం. పిల్లి దిగాక కొన్ని నిమిషాలు ఆగి డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంది. మంచి మట్టి జల్లెడలోంచి జారిపోతుంది, మిగిలిన గడ్డలు అరలో పడతాయి. ఆ ఆగడం మూత్రం పడిన మట్టి బిగుసుకోవడానికే. తొందరపడి ఆ వ్యవధిని తగ్గిస్తే తడి గడ్డ డ్రమ్ము గోడకు పిండిలా అంటుకుంటుంది, దాన్ని గోకడానికి మళ్లీ వంగవలసింది మీరే.

పేరున్న అమెరికా యంత్రం అక్కడే 700 డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చవక రకాల మీద నాకున్న అభ్యంతరం నాణ్యత గురించి కాదు, ప్రాణం గురించి. బయటి తొడుగు కదలకుండా ఉండి లోపలి డ్రమ్ము మాత్రమే తిరిగే నమూనాల్లో, రెండు ద్వారాలూ ఒకదానినొకటి దాటే చోట సందు మూసుకుపోతుంది. సెన్సరు పనిచేయని రోజున పిల్లి తల అక్కడ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందువల్ల ఏ యంత్రమైనా సరే, మట్టి పోయకముందే ఇంట్లో పరీక్షించండి. మూడు కిలోల కందిపప్పు పొట్లాన్ని రెండు సంచుల్లో చుట్టి డ్రమ్ములో పెట్టి మీట నొక్కితే డ్రమ్ము కదలకూడదు. తరువాత పొట్లం తీసి, డ్రమ్ము తిరుగుతుండగా మందపాటి అట్టగొట్టాన్ని ద్వారం సందులో పెట్టండి. వెంటనే ఆగాలి, లేదా వెనక్కి తిరగాలి. గొట్టం నలిగిందంటే ఆ యంత్రాన్ని తిప్పి పంపండి. ఈ పరీక్షకు చెయ్యి మాత్రం పెట్టకండి.

అమెరికా నుంచి తెప్పిస్తున్నారు కనుక అడాప్టరు మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో అబ్బాయిని చూసి చెప్పమనండి. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టిన మరుక్షణం పొగ వస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో కూడా చూడండి. మా ఇంట్లో ఒకసారి డ్రమ్ము సగం తిరిగి ద్వారం పైకి మళ్లినప్పుడు కరెంటు పోయింది. రెండు గంటల తరువాత వచ్చి చూస్తే మా పిల్లి స్నానాలగది ముందున్న పట్టా మీద తన పని కానిచ్చి, ఎంతో మర్యాదగా అంచును మడిచి కప్పి పెట్టింది. అప్పటినుంచి యంత్రాన్ని ఇన్వర్టరు లైనుకు మార్చాను, పాత ట్రేను అటక మీదినుంచి దింపాను.

మట్టి విషయంలో డ్రమ్ము యంత్రాలకు తడి తగిలితే గడ్డకట్టే బెంటొనైటు అనే బంకమట్టే సరైనది. పూర్వం మన పిల్లులు పొయ్యి బూడిదతోనో, పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకోవడానికి తోలించిన ఇసుకతోనో సరిపెట్టుకునేవి. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి పొరుగామెకు ఇసుకకు బదులు తేమ పీల్చే మట్టి ఇవ్వడంతో ఈ వ్యాపారం మొదలైంది. గడ్డకట్టే రకం 1980లలో వచ్చింది. బెంటొనైటు మన కచ్ఛ్‌లోనూ రాజస్థాన్‌లోనూ దొరుకుతుంది, కనుక దిగుమతి సంచుల కోసం ఎగబడనక్కరలేదు. డ్రమ్ములో ఉన్న గీత దాటి మట్టి పోయకండి, బరువు చూసే సెన్సరు తడబడుతుంది.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. అంత అనుమానపు జాతి, మోగే పెట్టెలోకి మొదటిరోజే ఎక్కుతుందనుకోకండి. వారం పదిరోజులు కరెంటు ఇవ్వకుండా పాత ట్రే పక్కన ఉంచండి. వాడిన మట్టి రెండు గుప్పెళ్లు అందులో వేయండి. పిల్లులు అలవాటుగా ఎక్కుతున్నాయని తేలాక, అవి వేరే గదిలో ఉన్నప్పుడు మీరే మీట నొక్కి తిప్పండి. ఆ శబ్దం వాటికి మామూలైపోయాకే ఆటోమేటిక్‌గా పెట్టండి. పిల్లులెన్నో అంతకు ఒకటి ఎక్కువగా పెట్టెలుండాలన్నది పాత లెక్క. ఎంత ఖరీదైనా యంత్రం ఆ లెక్కలో ఒకటే. రెండు మామూలు ట్రేలు కూడా ఉండనివ్వండి, ఒకటి స్టూలు మీద పెడితే వంగనక్కరలేదు. తొమ్మిదేళ్ల పిల్లి ఎక్కడానికి ముందు ఒక మెట్టు కూడా వేయండి.

చివరిగా, ఆ తొమ్మిదేళ్ల దాని గురించే ఇంకొక మాట. ఇన్నాళ్లూ గడ్డలు ఎత్తుతూ మీకు తెలియకుండానే రోజూ దానికి వైద్యపరీక్ష చేస్తున్నారు. గడ్డ నిమ్మకాయంత ఉండేది నారింజంత అయితే, అది ఎక్కువ నీళ్లు తాగుతున్నదని, మూత్రపిండాలనో చక్కెరనో చూపించుకోవాలని అర్థం. యంత్రం వచ్చాక ఆ గడ్డలన్నీ కనిపించకుండా అరలోకి పోతాయి, పడినప్పుడు పగిలిపోతాయి కూడా. అందుకని సంచి కట్టేముందు విప్పి చూడండి, పలచని మలం గాని నెత్తురు చార గాని ఉందేమో గమనించండి.

ప్రశ్న: మూడు నెలల పిల్లిపిల్లను తెచ్చుకున్నాము. యంత్రం ఇదివరకే ఇంట్లో ఉంది. వాడవచ్చునా? గడ్డలను టాయిలెట్లో పోసి నీళ్లు వదలవచ్చునా?
– పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఇప్పుడే వద్దు. కొన్ని యంత్రాలు కిలోన్నరకు దగ్గరగా ఉన్న బరువును గుర్తిస్తాయి, కొన్ని రెండు కిలోలు దాటితే గాని గుర్తించవు. మూడు నెలల పిల్ల ఆ బరువు తూగదు. యంత్రపు పుస్తకంలో రాసిన బరువును పిల్ల బాగా దాటేదాకా కరెంటు తీసి ఉంచండి, లేదా మీరు దగ్గర నిలబడి మీటతో తిప్పండి.

టాయిలెట్లో పోయకండి. బెంటొనైటు నీటిలో ఉబ్బి గొట్టాన్ని మూసేస్తుంది. మట్టికి బదులు సోయా పిప్పితో చేసినవి కరుగుతాయని సంచి మీద రాస్తారు గాని, పైన చెప్పిన టాక్సోప్లాస్మా మురుగునీటి శుద్ధిని తట్టుకుని సముద్రం చేరగలదు. కాలిఫోర్నియా తీరంలో నీటికుక్కలు దాని వల్ల చనిపోయాయి. సముద్రం పక్కనే ఉన్న ఊరు మీది. మూటకట్టి చెత్తలోనే వేయండి.

ప్రశ్న: మా మగపిల్లి ఈరోజు పదకొండుసార్లు పెట్టె ఎక్కిందని ఫోనులోని యాప్ చూపుతున్నది. మామూలుగా నాలుగైదుసార్లే ఎక్కుతుంది. అరలో చూస్తే గడ్డలు పెద్దగా లేవు. సెన్సరు చెడిపోయిందా?
– పాఠకుడు, డాలస్

సమాధానం: ఈ ప్రశ్న అచ్చయ్యేదాకా ఆగలేదు. ఈమెయిల్ చూసిన గంటలోనే, పిల్లిని అత్యవసర పశువైద్యశాలకు తీసుకువెళ్లమని ఈ పాఠకుడికి జవాబు పంపాము. మూత్రం అడ్డుపడిందని అక్కడ తేలింది. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నన. చిన్న స్ఫటికాలు, జిగురు చేరినా మూసుకుపోతుంది. మాటిమాటికీ పెట్టె ఎక్కి ముక్కడం, చుక్క రాకపోవడం, అరవడం, అదే పనిగా కింద నాక్కోవడం దాని గుర్తులు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. చాలామంది మలబద్ధకమనుకుని ఆముదం పట్టిస్తారు; ఆ పని చేయకండి.

మీ సెన్సరు చక్కగానే పనిచేసింది. యాప్‌లో సంఖ్య పెరిగితే ఫోను మోగేలా అమరిక ఉంటుంది, దాన్ని తెరిచి ఉంచండి. పిల్లి ఇంటికి వచ్చాక కొన్ని వారాల పాటు యంత్రాన్ని ఆపి మామూలు ట్రేనే వాడండి. ఈ జబ్బు తిరగబెట్టే రకం, గడ్డ పడిందా లేదా అన్నది ప్రతి పూటా మీ కంటితో చూడవలసి ఉంటుంది.