ప్రేమ, పెళ్లి ఏదీ వద్దనేవాళ్ళు నిజంగా ఉంటారా? ఉంటే మన సినిమాల్లో ఎందుకు కనిపించరు?

ఉంటారు. ఈ జవాబు రాస్తున్నవాడు ఒకడు. కడపలో ఉంటాను, ముప్పై ఆరేళ్లు, పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసి బతుకుతున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, మా వీధిలో అందరూ ఎప్పుడో నవ్వేశారు.

మీ తమ్ముడికి ఇరవై తొమ్మిది, సంబంధాలు చూడొద్దంటున్నాడు, అమ్మాయిల మీదా అబ్బాయిల మీదా ఎవరి మీదా ఏమీ లేదంటున్నాడు, ఫోన్‌లో ‘ఏరోమాంటిక్, అసెక్సువల్’ (అంటే ఎవరి మీదా ప్రేమ పుట్టనివాళ్ళు, శారీరక కోరిక కలగనివాళ్ళు) అని ఏదో చూపించాడు, ఇదేమన్నా నెట్‌లో పుట్టిన ఫ్యాషనా, డాక్టరుకు చూపించాలా అని అడిగారు. ఫ్యాషనైతే నేను ఎప్పుడో మానేసేవాణ్ణి, ఇందులో లాభమేమీ లేదు. నెట్ వల్ల జరిగిందల్లా ఒకటే. 2001లో డేవిడ్ జే అనే అమెరికా కుర్రాడు ఏవెన్ అనే వెబ్‌సైట్ పెట్టాక, ఎక్కడివాళ్ళక్కడ ‘నాకొక్కడికే ఇట్లా ఉందేమో’ అనుకుంటున్నవాళ్ళు ఒకరికొకరు తెలిశారు. అంతకు చాలా ముందే, 1948లో కిన్సీ అనే అమెరికా పరిశోధకుడు తన సర్వేలో, ఆడవాళ్ళ మీద మోజా మగవాళ్ళ మీద మోజా అన్నదాన్ని బట్టి మనుషుల్ని సున్నా నుంచి ఆరు దాకా అంకెలేసి విడగొడుతూ, ఏ అంకెలోనూ ఇమడనివాళ్ళకు ‘ఎక్స్’ అని గుర్తు పెట్టి పక్కన పెట్టేశాడు. 2004లో ఆంథోనీ బోగార్ట్ అనే కెనడా ప్రొఫెసరు, బ్రిటన్‌లో పద్దెనిమిది వేల మందికి పైగా జవాబులిచ్చిన ఒక సర్వేను చూసి, సుమారు 1 శాతం మంది ఇలాంటివాళ్ళని లెక్క తేల్చాడు. ఆ లెక్కన మూడు లక్షలు దాటిన మా కడపలో మూడు వేల మందైనా ఉండాలి. నాకు తెలిసి నేనొక్కణ్ణే. మిగిలినవాళ్ళకు నేనే పెళ్లి ఆల్బమ్ చేసి ఇచ్చి ఉంటానని నా అనుమానం.

సరే, సినిమాల సంగతి. మన సినిమాల్లో పెళ్లి కాని మనిషి ఉండడని కాదు, ఉంటాడు. కాకపోతే వాడికి ఫ్లాష్‌బ్యాక్ ఉండి తీరాలి. ప్రేమించిన పిల్ల చచ్చిపోయి ఉండాలి. లేదా చెల్లెళ్ళ పెళ్లిళ్లు చేసీ చేసీ వయసైపోయి ఉండాలి. లేదా పగ తీరేదాకా తాళి కట్టనని ఒట్టేసి ఉండాలి. ఆడపిల్లయితే ఎవడో మోసం చేసి ఉండాలి. ఇవేవీ లేకపోతే కామెడీ ట్రాక్‌లో పడేస్తారు. హీరోకి ప్రేమంటే పడదని మొదటి సగంలో చెప్పారంటే హీరోయిన్ ఎంట్రీ దగ్గరపడిందని థియేటర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2004లో ‘మల్లీశ్వరి’ వచ్చిన దగ్గర్నుంచి పెళ్లి కాని ప్రతి మగాడికీ ‘పెళ్లికాని ప్రసాద్’ అని పేరు పెట్టేశారు, నాకూ అదే పేరు. ఆ సినిమాలో వెంకటేశ్ పెళ్లి కోసం తపించిపోతుంటాడు. వద్దనేవాడికీ, దొరక్క ఏడ్చేవాడికీ ఒకే పేరు ఎట్లా సరిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పాతకాలం వాళ్ళూ తక్కువేం కాదు. భీష్ముడికి ప్రతిజ్ఞ ఉంది, ఆంజనేయుడికి రామభక్తి ఉంది. (మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా ఒంటిమిట్ట రామాలయం గర్భగుడిలో సీతారామలక్ష్మణులే ఉంటారు, ఆంజనేయుడు ఉండడు. రాముడికి ఆయన ఇంకా కలవని కాలం నాటి విగ్రహాలని అంటారు. బ్రహ్మచారికి మా జిల్లాలో అక్కడ కూడా చోటు లేదని నేను జోక్ వేస్తే మా అమ్మ లెంపలు వేయించింది.) బద్వేలు దగ్గర గోపవరం మొల్ల పెళ్లి చేసుకోలేదని చెప్తారు. ఆమె రామాయణం రాసింది కాబట్టి చేతులెత్తి దండం పెడతారు. అదే ఆమె ఏమీ రాయకుండా ఊరికే కుండలు చేసుకుని, ఒక్కతే వండుకుని తిని పడుకుని ఉంటే ఊరు ఏమనేదో ఆలోచించండి.

నాకు ఈ ఫ్లాష్‌బ్యాక్ పిచ్చి ఎంత ముదిరిందో తెలిసింది మా మేనమామ వల్ల. మామ కూతుర్ని నాకిస్తారని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అనుకునేవాళ్ళు. ఆ అమ్మాయి చదువుకుని, నచ్చినవాణ్ణి చేసుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది, బతికిపోయింది. అందుకని మామకు తను నాకు కొంచెం బాకీ పడ్డట్టు అనిపించేదేమో, నా పెళ్లి బాధ్యత తన నెత్తిన వేసుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే స్టూడియోకి వచ్చి, “పా, దోసె తిందాం” అని తీసుకుపోయాడు. నేను హాయిగా వెళ్ళాను. ఇద్దరికీ నెయ్యి కారం దోసెలు చెప్పాడు. దోసె వచ్చింది, ఎర్రకారం మీద పప్పుల పొడి, అంచుల్లో నెయ్యి ఇంకా చిటపటమంటోంది. మామ ఒక ముక్క తుంచి చేతిలోనే పట్టుకున్నాడు.

“ఎవురు రా ఆ పిల్ల?”

“యా పిల్ల మామా?”

“నాకాడ దాచొద్దు. మన కులం కాదా? కాకపోతే కాకపోనీ, మీ నాయనతో నేను మాట్లాడ్తా.”

“ఎవురూ లేరు మామా.”

“సాయిబుల పిల్లనా?”

మా మామ సంగతి మీకు తెలియదు. వేరే కులం వాళ్ళ ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా ఇష్టపడని మనిషి. అట్లాంటివాడు నాకోసం ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. పెళ్లయిన ఆమెనా అని అడిగాడు. ఎవరైనా మోసం చేసి పోయిందా అని అడిగాడు. నేను అన్నిటికీ కాదంటూ దోసె తింటున్నాను. చివరికి పక్క బల్ల వైపు చూసి, సర్వర్ దూరం పోయేదాకా ఆగి, గొంతు బాగా తగ్గించి, “పిల్లోడా?” అన్నాడు. ఆ మాట అడగడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు, చెమటలు పట్టినాయి. అది కూడా కాదన్నాను. అప్పుడు చేతిలో ముక్క ప్లేట్లో పెట్టేసి, “అయితే డాక్టరు కాడికి పోదాం, నాకు తెలిసినాయన ఉన్నాడు, ఎవురికీ తెలీదు” అన్నాడు.

“నాకు ఏ జబ్బూ లేదు మామా. నాకు అట్లాంటి ఆలోచనే రాదు, అంతే. బాగానే ఉన్నా.”

మామకు కోపం వచ్చింది. ఏ కులమైనా, ఏ మతమైనా, ఆఖరికి మగపిల్లోడైనా ఏదో ఒక విధంగా సర్దుకుపోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, ‘ఏమీ లేదు’ దగ్గర ఆగిపోయాడు. “ఏదో ఒకటి చెప్పు రా అబ్బోడా, ఇంటికి పోయి మీ అమ్మకు నేనేం చెప్పుకోవాల?” అని గట్టిగా అరిచాడు. హోటల్లో అందరూ మావైపు తిరిగారు. ఆయన దోసె ప్లేట్లో మెత్తబడిపోయింది. బిల్లు నేనే కట్టాను.

ఇంటికి పోయి మామ ఏం చెప్పాడో తెలుసా? నేను బెంగుళూరులో ఒక స్టూడియోలో పనిచేసిన రోజుల్లో ఒక పిల్లను ఇష్టపడ్డానంట, ఆ పిల్ల యాక్సిడెంట్‌లో పోయిందంట, అప్పట్నుంచి నా మనసు విరిగిపోయిందంట. అంతే, ఇల్లంతా మెత్తబడిపోయింది. నాన్న నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించాడు. పెద్దమ్మ బుగ్గ నిమిరి, నాటుకోడి పులుసులో మంచి ముక్కలన్నీ నా సంగట్లోకే వేసింది. అమ్మ అయితే ఒకరోజు వంటింట్లో పిలిచి, “ఆ పిల్ల పేరేంది నాయనా?” అని అడిగింది. అట్లాంటి పిల్లే లేదమ్మా అన్నాను. “చెప్పుకోలేవు లే” అని తల నిమిరింది. అదీ మా ఇంట్లో నాకు దొరికిన కథ. చాన్నాళ్లు ఒక్క సంబంధం రాలేదు. నోరు నొప్పి పుట్టేలా నేను చెప్పిన నిజానికి లేని విలువ, పుట్టనే పుట్టని పిల్ల చావుకు దక్కింది. మా మామ పాపం రచయిత కాదు. చూసిన సినిమాల్లో ఉన్న కథే తెచ్చి చెప్పాడు. వేరే కథ ఆయనెక్కడ చూశాడు?

కారణం వెతికే జబ్బు మనకొక్కళ్ళకే ఉందనుకోకండి. అమెరికాలో ‘హౌస్’ అని డాక్టర్ల సీరియల్ వచ్చేది. 2012లో ఒక ఎపిసోడ్‌లో ఆలుమగలిద్దరూ మాకు ఆ కోరిక లేదు, సంతోషంగా ఉన్నాం అంటారు. చివరికి ఏం తేలుస్తారంటే, భర్తకు పిట్యూటరీ గ్రంథి దగ్గర ట్యూమర్, భార్య అబద్ధమాడింది. కథ సమాప్తం. ‘ఆర్చీ’ అనే అమెరికా బొమ్మల పుస్తకాల్లో జగ్‌హెడ్ అనే కుర్రాణ్ణి 2016లో అసెక్సువల్ అని పుస్తకంలోనే చెప్పేశారు. మరుసటి ఏడాది అదే పాత్రతో టీవీలో ‘రివర్‌డేల్’ తీసి, బెట్టీ అనే అమ్మాయితో ప్రేమ కలిపేశారు. దొరికింది కూడా లాక్కున్నట్టయింది.

మంచివీ ఉన్నాయి. ‘బోజాక్ హార్స్‌మన్’ అనే బొమ్మల సీరియల్‌లో టాడ్ అని ఒకడుంటాడు, సోఫాలో పడుకుని పిచ్చి పిచ్చి వ్యాపారాలు ఆలోచిస్తుంటాడు. 2017లో వచ్చిన సీజన్‌లో ‘నేను అసెక్సువల్’ అని చెప్పేస్తాడు, ఆ తర్వాత కూడా వాడి పిచ్చి ఐడియాలు వాడివే. నాకు వాడు నచ్చింది అందుకే, ట్యూమర్ లేదు, చచ్చిపోయిన పిల్ల లేదు. ‘హార్ట్‌స్టాపర్’ అనే బ్రిటన్ సీరియల్‌లో ఐజాక్ అని ఇలాంటి కుర్రాడే ఉన్నాడు, 2023లో. మంచి పిల్లోడే, కానీ వాళ్ళంతా స్కూలు పిల్లలు. స్కూలు పిల్లాడికి ఇంకా టైముంది లే అంటారు ఎవరైనా. స్కూటర్ ఈఎంఐ కట్టుకునే ముప్పై ఆరేళ్లవాణ్ణి చూపించాలి కదా. ఆ పని జపాన్‌వాళ్ళు చేశారు. 2022లో ఎన్‌హెచ్‌కే టీవీలో ‘కొయిసెను ఫుతారి’ అని వచ్చింది, ప్రేమా కోరికా రెండూ లేని ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ ఒకే ఇంట్లో ఇంటివాళ్ళలా బతకడం మొదలుపెడతారు. మా అమ్మకు చూపించదగ్గది అదొక్కటే, కానీ జపాన్ భాషలో ఉంది, పక్కన కూర్చుని ప్రతి డైలాగూ నేనే చెప్పాలి. ఈలోపు ఆమె సీరియల్ టైమైపోతుంది.

అసలు ఈ ప్రేమల తయారీ నా చేతుల మీదుగానే జరుగుతుంది కాబట్టి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. గండికోటలో ప్రీవెడ్డింగ్ షూట్ ఎప్పుడైనా చూశారా? పెన్నా లోయ అంచున, ఎండలో రాళ్ళు కాలిపోతుంటాయి, ఆ పిల్ల నేలంతా ఈడ్చుకుపోయే గౌను వేసుకుని ఉంటుంది, ఆ అబ్బాయి అద్దెకు తెచ్చిన కోటులో ఉడికిపోతుంటాడు. వాళ్ళు అంతకు ముందు కలిసింది పెళ్లిచూపుల్లో, ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుకున్నారు. నేను, “అమ్మా, ఆయన కళ్ళల్లోకి చూడు, కొంచెం నవ్వు, సార్, మీరు ఇంకొంచెం దగ్గరికి” అని అరుస్తుంటాను. పక్కన అసిస్టెంట్ రంగుల పొగ వదులుతాడు, గాలి అడ్డం తిరిగితే పొగంతా పెళ్లికూతురి నోట్లోకే. డ్రోన్ ఎగరేస్తే బ్యాటరీ అయిపోతుందని నాకు టెన్షన్. సాయంత్రానికి చెమట తుడిచి, కలర్ కరెక్షన్ చేసి, వెనక పాట పెట్టి టీజర్ వదిలితే చుట్టాలంతా “ఎంత ప్రేమో చూడు” అంటారు. వాళ్ళకు ప్రేమ లేదని నేననను, ఉండొచ్చు, తర్వాత వస్తుందేమో. కానీ నా కెమెరాలో ఉన్నది నేను చెప్పిన పోజు. ఇన్నేళ్లుగా చూస్తున్నా, సగం జంటలకు ఆ రోజు కావాల్సింది నీడ, మజ్జిగ. 

మీ తమ్ముడి దగ్గరికి వస్తాను. డాక్టరంటే, అతనికి ఒంట్లో ఏదైనా తేడా చేసిందని అతనే అంటే తీసుకెళ్ళండి. లేకపోతే వద్దు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే అమెరికా మానసిక వైద్యుల పుస్తకం, తనను తాను అసెక్సువల్ అని చెప్పుకునే మనిషికి కోరిక తక్కువనే జబ్బు పేరు పెట్టకూడదని రాసింది.

పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అనే పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళకు చట్టం చెప్పండి, మంచీ చెడ్డా వాళ్ళ చెవికెక్కవు. హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 12 కింద మగవాడు కాపురానికి పనికిరాడని నిరూపిస్తే ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. అంటే మీ తమ్ముడి పడకగది సంగతి కోర్టులో సాక్షుల ముందు చర్చకు వస్తుంది. సెక్షన్ 9 కింద కాపురానికి రమ్మని కేసు వేయొచ్చు. నటి సరిత తనతో కాపురానికి రావాలని భర్త వేసిన కేసు మొదలైంది మా కడప సబ్‌కోర్టులోనే. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, మనిషి ఒంటి మీద హక్కు ఆ మనిషిదే కానీ ప్రభుత్వానిది కాదనే లెక్కన ఆ సెక్షన్‌నే కొట్టేశాడు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్ సరైనదేనంది. మా లాయర్ ఫ్రెండ్ ఈ కథ చెప్పినప్పుడు, దీన్ని ఎవడూ సినిమా తీయడెందుకురా అనిపించింది.

ఇదంతా మీ తమ్ముడి ఒక్కడి సంగతే కాదు, వచ్చే అమ్మాయి కూడా ఉంది. ఆమె ఏం ఆశించి వస్తుందో, రాత్రి గోడవైపు తిరిగి పడుకునే మొగుణ్ణి చూసి తనలోనే లోపముందని ఎన్నేళ్లు అనుకుంటుందో మీరు ఆడవాళ్ళు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఆ మాట మీ అమ్మగారితో మాట్లాడండి.

ఇంత చెప్పినా మీ ఇంట్లో ముహూర్తం పెట్టేస్తే ఫొటోలకు మాత్రం నన్ను పిలవొద్దు. మా ఊళ్ళో వీధికో స్టూడియో ఉంది, రేటు కూడా నాకంటే తక్కువే తీసుకుంటారు.