కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు

ప్రశ్న: ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తుంటాను. పత్తి తూకాల చీటీలు, బిల్లులు అన్నీ ఆఫీసు సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. పోయిన నెల సర్వర్‌లో నా పాస్‌వర్డ్ మార్చారు. అప్పటినుంచి నేను ఏమీ టైప్ చేయకముందే అకౌంట్ లాక్ అయిందని వస్తోంది. పాత పాస్‌వర్డ్ నా విండోస్ కంప్యూటర్‌లోనే ఉండిపోయిందని అంటున్నారు. దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో చూడవచ్చా?
— ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మీకు చెప్పినవారి అనుమానం చాలావరకు సరైనదే. ఎప్పుడో ఒకసారి ‘గుర్తుపెట్టుకో’ అన్న గడిలో మీరు టిక్ పెట్టి ఉంటారు. ఆ రోజు ఇచ్చిన యూజర్ పేరును, పాస్‌వర్డ్‌ను విండోస్ తన క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకుని, ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ మిమ్మల్ని అడగకుండానే సర్వర్‌కు పంపుతూ వస్తుంది. పాస్‌వర్డ్ మారిన సంగతి దానికి తెలియదు కనుక పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది; తప్పు ప్రయత్నాలు నిర్ణీత సంఖ్య దాటగానే సర్వర్ మీ అకౌంట్‌ను మూసివేస్తుంది.

కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలను టైప్ చేసే విండో) తెరిచి, ఇంగ్లిష్ అక్షరాలలో సి, ఎం, డి, కె, ఇ, వై అన్న ఆరింటినీ కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, దాని పక్కనే ‘లిస్ట్’ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. దాచి ఉంచిన వివరాలు ఒక్కొక్కటిగా కనబడతాయి. ‘టార్గెట్’ అన్న వరుసలో ఏ సర్వర్ కోసమో, ‘టైప్’ అన్న వరుసలో ఏ రకానిదో, ‘యూజర్’ అన్న వరుసలో ఎవరి పేరు మీదో ఉంటుంది. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా కనబడదు. అది మీ విండోస్ లాగిన్‌తో ముడిపడిన తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఈ కమాండ్‌కు దాన్ని విప్పి చూపే పని అప్పగించలేదు. ఇది మీ మేలు కోరి చేసిన ఏర్పాటే. ఒక జాగ్రత్త: ఈ జాబితా లాగిన్ అయిన మనిషికి మాత్రమే చెందినది. మరొకరి అడ్మినిస్ట్రేటర్ పేరుతో కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే కనబడేది వారి జాబితా, మీది కాదు.

నిజానికి మీకు పాత పాస్‌వర్డ్‌ను చూడవలసిన అవసరం లేదు, తీసేస్తే చాలు. అదే కమాండ్‌లో ‘లిస్ట్’ బదులు ‘డిలీట్’ అని రాసి, కోలన్ పెట్టి, జాబితాలో మీ సర్వర్‌కు ఎలా ఉందో అలాగే, ఒక్క చుక్క కూడా తేడా లేకుండా, ఆ పేరు రాయండి. ఒకే సర్వర్ ఒకచోట పేరుతోనూ మరొకచోట ఐపీ చిరునామాతోనూ (అంకెల రూపంలోని చిరునామా) నమోదై ఉండవచ్చు. అప్పుడు రెండింటినీ తీసేయాలి. చాలామంది ఒకటి తీసి, సమస్య తీరలేదని నిరాశపడేది ఇక్కడే.

కొత్త పాస్‌వర్డ్‌ను దాచాలనుకుంటే అదే కమాండ్‌లో స్లాష్‌తో ‘యాడ్’ తర్వాత కోలన్, సర్వర్ పేరు, ఆపై ఖాళీ వదిలి స్లాష్‌తో ‘యూజర్’ తర్వాత కోలన్, మీ యూజర్ పేరు రాసి, చివర స్లాష్‌తో ‘పాస్’ అన్న మాట దగ్గరే ఆపండి. పాస్‌వర్డ్‌ను అది విడిగా అడుగుతుంది. అదే వరుసలో పాస్‌వర్డ్ కూడా రాసేస్తే అది తెరమీద నిలిచిపోతుంది. సీజన్‌లో మీ బల్ల చుట్టూ రైతులు, హమాలీలు, లారీ డ్రైవర్లు నిలబడి ఉంటారని మరువకండి. ఇంత చేశాక 1219 అన్న ఎర్రర్ వస్తే, పాత పేరుతో తెరిచిన కనెక్షన్ ఇంకా బతికే ఉందని అర్థం. ‘నెట్ యూజ్’ కమాండ్‌తో దాన్ని చూసి తెంచవచ్చు. ఒకసారి లాగ్ ఆఫ్ అయి మళ్లీ రావడం అంతకన్నా సులభం. లాక్ అయిన అకౌంట్‌ను మాత్రం సర్వర్ చూసేవారే తెరవాలి. ముందు పాతది తీసేసి, ఆ తర్వాతే వారికి చెప్పండి, లేకపోతే అది మళ్లీ లాక్ అవుతుంది.

ప్రశ్న: మా బండల దుకాణంలో వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. ల్యాప్‌టాప్ మాత్రం దానంతట అదే కలుస్తోంది. అదీ ఇలాగే దాగి ఉంటుందా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: దాగి ఉంటుంది, పైగా ఇది కనబడుతుంది కూడా. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎన్, ఇ, టి, ఎస్, హెచ్ అక్షరాలు కలిపి రాసి, ఖాళీలు వదులుతూ ‘వ్లాన్’ (డబ్ల్యూ, ఎల్, ఎ, ఎన్), ‘షో’, ‘ప్రొఫైల్స్’ అని ఇంగ్లిష్‌లో రాస్తే, ఆ ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకున్న వైఫై పేర్లన్నీ వస్తాయి. మీ దుకాణం పేరు చూసుకుని, ‘ప్రొఫైల్స్’ బదులు ‘ప్రొఫైల్’ అని, కొటేషన్ గుర్తుల మధ్య ఆ పేరు, చివర ‘కీ’ సమానం ‘క్లియర్’ అని రాయండి. ‘కీ కంటెంట్’ అన్న వరుసలో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్లుగా కనబడుతుంది. మీకు దొరికినంత సులభంగా, తెరిచి ఉన్న ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఎవరికైనా దొరుకుతుంది కనుక, కౌంటర్ వదిలి బండలు చూపించడానికి లేచేటప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కి తెరకు తాళం వేయండి.