గీత ముందే గీసుకో

చిరంజీవి అనూషకు,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఫోన్ వచ్చినప్పటినుంచి నీ గురించే ఆలోచిస్తున్నాను. కొత్త ఎరువు వేసిన మళ్లలో దిగుబడి ఎక్కువే వచ్చినా పి-వాల్యూ 0.05 లోపు రాకుండా 0.08 అయిందని, థీసిస్ పాడైపోయిందని ఏడ్చావు. ముందు ఆ టెన్షన్ వదిలెయ్. పాడైంది ఏమీ లేదమ్మా.

ఫార్ములాలు నీకు బాగానే వచ్చు. వాటి వెనకున్న ప్రశ్న ఏమిటో ఒకసారి చూడు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ పనిచేసే రోజుల్లో ఒకావిడ, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనంది. ఆయన 1935లో వివరించిన పరీక్షలో కప్పులు 8. నాలుగింట్లో ముందు పాలు, నాలుగింట్లో ముందు టీ. ఆమెకు ఆ నేర్పు లేదని, ఊరికే ఊహిస్తోందని అనుకుని మొదలుపెట్టాలి. నల్ హైపోథీసిస్ అంటే అదే. ఎనిమిదిలో నాలుగు కప్పుల్ని 70 రకాలుగా ఎంచవచ్చు కనుక, ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1, అంటే 1.4 శాతం. పాలు ముందు పోసిన నాలుగింట్లో మూడే పట్టుకుందనుకో, కనీసం అన్ని పట్టుకునే అవకాశం 70లో 17, అంటే 24 శాతం! ఒక్క కప్పుకే ఇంత తేడా. నీ మళ్లూ తక్కువే కదా. మళ్లు తక్కువైతే నిజంగా ఉన్న తేడా కూడా బయటపడకపోవచ్చు.

టీ కప్పులకు లెక్కవేసిన అలాంటి అవకాశాన్నే పి-వాల్యూ అంటారు. నీ విషయంలో, ఎరువు ఏమీ చేయకపోయినా ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్దది గానీ కనిపించే అవకాశం 8 శాతం. నీ 0.08కి అర్థం అంతే. ‘ఎరువు పనిచేయని అవకాశం 8 శాతం’ అని రాయకు. ‘పనిచేయదని తేలింది’ అనీ రాయకు. తేడా ఎన్ని కిలోలో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎంతనుంచి ఎంతవరకు ఉండొచ్చో చూపే హద్దులు, ఎంతో రాయి.

0.05 నువ్వు ముందే గీసుకున్న గీత; పి-వాల్యూ దానికన్నా తక్కువ వస్తేనే ‘తేడా ఉంది’ అని లెక్క. ఇప్పుడు దాన్ని 0.10కి జరపకు. పిలకలు, గింజ బరువు, కంకి పొడవు అంటూ వరసగా పరీక్షించి, గీత లోపలికి వచ్చినదాన్నే చూపించకు. అసలు తేడా లేని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 విషయాలు పరీక్షించినా, ఒక్కటైనా ‘తేడా ఉంది’ అనిపించే అవకాశం 64 శాతం. నా ఎమ్మెస్సీలో నేను ఆ తప్పు చేశాను. మరుసటి ఏడాది ఆ తేడా మళ్లీ కనిపించలేదు. నా ఫలితాన్ని నమ్మిన జూనియర్‌కు ఒక సీజన్ పోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

పండక్కి వచ్చేటప్పుడు పొలం లేఅవుట్, మడివారీ దిగుబడి కాగితాలు తీసుకురా. వచ్చే సీజన్‌కి ఎన్ని మళ్లు కావాలో ఇద్దరం కూర్చుని లెక్కవేద్దాం.

మీ పెద్దనాన్న