అన్ని అక్షరాల వాక్యం తెలుగులో ఉందా?

ప్రశ్న: కొత్త ఫాంట్ వేసినప్పుడు ఇంగ్లిషులో ‘ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్’ కొట్టి చూస్తాం. తెలుగుకు అలాంటి వాక్యం చెప్పండి.
– డీటీపీ ఆపరేటర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఆ ఇంగ్లిషు వాక్యంలో 35 అక్షరాలే ఉన్నా 26 అక్షరాలూ వచ్చేస్తాయి. తెలుగులో అక్షరాలన్నీ వచ్చినా పని సగమే అయినట్టు. మన దగ్గర తేడా చేసేది గుణింతాలు, వత్తులు. కాబట్టి వాక్యం కోసం వెతక్కుండా ఈ మాటలు కొట్టి చూడండి: ఋషి, ఐరావతం, ఔషధం, వాఙ్మయం, జ్ఞానం, ఛత్రం, ఝరి, కంఠం, ఢంకా, గుఱ్ఱం. జ్ఞానంలో ‘ఞ’ వత్తుగానే కనిపిస్తుంది, అందుకని దాన్ని విడిగా ఒకసారి కొట్టాలి.

అసలు పరీక్ష ‘త్రైమాసిక’. ఐత్వం కింది ముక్క, రావత్తు రెండూ ఒకే చోటికి వస్తాయి. సరిగా చేయని ఫాంటులో ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. తర్వాత ‘రాష్ట్రం’, ‘స్త్రీ’. రెండేసి వత్తులు కిందికి దిగి, కింది పంక్తిలోని గుడిని తాకుతాయి. 12 పాయింట్ల అక్షరానికి పంక్తి దూరం 18తో మొదలుపెట్టి, తగిలితే పెంచండి. ‘వు’, ‘మ’ పక్కపక్కన పెట్టి చిన్న సైజులో ప్రింటు తీయండి, తేడా తెలియకపోతే ఆ ఫాంట్ వద్దు. పెళ్లికార్డులు చేసేవారు ‘అవిఘ్నమస్తు’ తప్పక చూడాలి.

‘సాఫ్ట్‌వేర్’ అనే మాట ‘సాఫ్ట్వేర్’గా కలిసిపోతే తప్పు ఫాంటుది కాదు. ‘ట్’ తర్వాత కనిపించని విడదీత గుర్తు కొట్టలేదన్నమాట.